అక్క మాటలకి కాలిన కరెంటు

పెయింటర్ రోజు ట్యాంకులో నీళ్ళు వదలడంతో మొదలయ్యేది. ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు, షెడ్డులో ఒక మూల ఎర్ర కంప్రెసర్. లేవగానే మొహమైనా కడుక్కోకుండా వెళ్ళి ట్యాంకు అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పేవాడు. గాలిలో చేరిన తడంతా బుసబుసమంటూ కారిపోయేది. లోపల ఒత్తిడి తగ్గగానే మోటారు తనంతట తనే లేచేది. అది లేచేలోపు అతను వంటింటి వైపు తిరిగి ఒక కేక వేసేవాడు.

"మోటారు లేస్తోంది! కాస్త మంచి మాటలు మాట్లాడండి!"

ఎందుకంటే ఆ కంప్రెసర్ గాలితో పాటు మాటల్ని కూడా పీల్చుకునేది. పీల్చుకున్న మాటలు ట్యాంకులో ఇరుకిరుగ్గా సర్దుకుని కూర్చునేవి. స్ప్రే గన్ను నొక్కినప్పుడు రంగుతో పాటు బయటికొచ్చి, దేనిమీద కొడితే దానికి అంటుకునేవి. ఆ బీరువా తలుపో, ఆ బల్ల సొరుగో తెరిచినప్పుడల్లా మాట వినిపించేది. రంగు పూర్తిగా ఆరడానికి వారం పట్టేది, మాట పోవడానికీ అంతే. సరుకు తీసుకెళ్ళేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. "కొత్త రంగు కదండీ, వారం రోజులు మాట్లాడుతుంది," అని చుట్టాలకి చెప్పుకునేవాళ్ళు. ఒకసారి ఒక డాక్టరు గారి మందుల బీరువా వారం పాటు "ఉప్పు అయిపోయింది, ఎన్నిసార్లు చెప్పాలి!" అని పెయింటర్ భార్య గొంతుతో కసిరింది. రోగులు నవ్వుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం మర్నాడు నిజంగానే ఉప్పు పొట్లం తెచ్చి డాక్టరు గారి బల్లమీద పెట్టి వెళ్ళాడు.

మామూలుగా ఆ ఇంట్లో మంచి మాటలకి కొదవ లేదు. అక్క ఉంది కదా.

పెయింటర్ కంటే అక్క తొమ్మిదేళ్ళు పెద్ద. ఇరవై రెండేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన మనిషి. ఆ పని చెయ్యడానికి ఒక మిషను వచ్చాక, ఇక మీరు రానక్కర్లేదని చేతిలో కొంత డబ్బు పెట్టి ఇంటికి పంపేశారు. ఆ డబ్బుతోనే తమ్ముడికి ఈ కంప్రెసర్ కొనిపెట్టింది. పెళ్ళి చేసుకోలేదు. వెనక గదిలో ఉండేది. చిన్నప్పటి నుంచి అందరూ ఆవిణ్ణి వసపిట్ట అనేవాళ్ళు. మైకు పోయింది కానీ మాట పోలేదు. కూర తరుగుతూ మాట్లాడేది, బట్టలు ఆరేస్తూ మాట్లాడేది, వినేవాళ్ళు లేకపోతే గోడమీది పిల్లితో మాట్లాడేది. ఆవిడ మాటలు అంటుకున్న బీరువాలంటే జనానికి మహా ఇష్టం. "మీ అక్కగారు ఇంట్లో ఉన్నప్పుడే కొట్టండి మాది," అని అడిగి మరీ వెళ్ళేవాళ్ళు.

అలాంటి ఇంట్లోకి ఒక నెల కరెంటు బిల్లు రెట్టింపై వచ్చింది.

మీటరు చూసే మనిషి చీటీ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పెయింటర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పని ఎప్పటంతే, రోజుకి రెండు బీరువాలు. మర్నాడు షెడ్డులో స్టూలేసుకుని కూర్చుని కనిపెట్టాడు. గన్ను కొక్కానికి వేలాడుతోంది, ఎవరూ ముట్టుకోలేదు. అయినా పావుగంటకోసారి మోటారు డుగుడుగుమంటూ లేస్తోంది, కాసేపు తిరిగి ఆగుతోంది. అది లేచిన ప్రతిసారీ వెనక నుంచి అక్క గొంతు వినిపిస్తోంది.

అక్క ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది కనక, మోటారు ఎప్పుడు లేచినా అక్క మాట మధ్యలోనే లేస్తుంది. ఈ చిన్న విషయం పెయింటర్ బుర్రకి తట్టలేదు. తట్టనివ్వలేదేమో కూడా. కిందటి నెల పాత పైపు చిరిగిపోతే మెకానిక్‌ని పిలవడం దేనికని తనే కొత్త పైపు బిగించుకున్నాడు. ఆ పని తనకి బాగా వచ్చునని అతని నమ్మకం. స్విచ్చు రాత్రీ పగలూ వేసే ఉంచేవాడు. ఖాళీ ట్యాంకు నింపితేనే ఎక్కువ కరెంటు కాలుతుంది, ఎప్పుడూ నిండుగా ఉంచితే తక్కువ కాలుతుంది అని అతని లెక్క. ఎవరు నేర్పారో తెలియదు, బాగా తెలిసినవాళ్ళెవరో నేర్పినట్టు మాత్రం చెప్పేవాడు.

సాయంత్రం టీ తాగేటప్పుడు మాట బయటపెట్టాడు.

"అక్కా, నీ మాటల్ని మింగలేక మోటారు చచ్చిపోతోంది."

అక్క నవ్వింది. "మింగలేకపోతే కక్కమను."

"వేళాకోళం కాదక్కా. బిల్లు చూడు. ఉత్త గాలి నొక్కడం వేరు, మాటలతో నిండిన గాలి నొక్కడం వేరు. దానికి బరువుండదూ? అంత బరువు నొక్కాలంటే ఎంత కరెంటు కాలాలి?"

"మాటకి బరువేంటండీ?" అంది భార్య.

"నీకేం తెలుసు, ఊరుకో. పాతికేళ్ళ నుంచి గాలితో పని చేస్తున్నాను నేను."

అక్క బిల్లు తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. మడిచి తమ్ముడి చేతికిచ్చింది. "సరేలే, తగ్గిస్తాను," అంది.

తగ్గించింది. ముందు పిల్లితో మాట్లాడడం మానేసింది. తర్వాత కూర తరిగేటప్పుడు. రెండో నెల బిల్లు ఇంకాస్త పెరిగే వచ్చింది. పెయింటర్ దాన్ని అక్క ముందు పెట్టి ఏమీ అనకుండా నించున్నాడు. అనకపోవడం అన్నదానికంటే గట్టిగా తగిలింది. మర్నాటి నుంచి అక్క పూర్తిగా నోరు మూసుకుంది. ఉప్పు కావాలంటే వేలు చూపించేది. దగ్గొస్తే వీధి చివరిదాకా నడిచి వెళ్ళి అక్కడ దగ్గి వచ్చేది. పొరుగింటావిడ పలకరిస్తే చేత్తో మోటారు వైపు చూపించి నవ్వేది. పొరుగింటావిడకి అర్థమయ్యేది. "అవునమ్మా, బిల్లులు మండిపోతున్నాయి," అని లోపలికి వెళ్ళిపోయేది.

మోటారు మాత్రం పావుగంటకోసారి లేస్తూనే ఉంది.

"ఇప్పుడు వదిన మాట్లాడట్లేదు కదండీ," అంది భార్య ఒకరోజు. "మరి దేనికి లేస్తోంది?"

పెయింటర్ మోటారు వైపు తిరిగాడు. "ఇన్నాళ్ళూ మాట్లాడినవి గోడలకి పట్టేసి ఉంటాయి. అవి వదలాలి కదా," అన్నాడు. అన్నాక అతనికే ఆ మాట నచ్చలేదు. అయినా వెనక్కి తీసుకోలేదు.

బీరువాలు మూగగా వెళ్ళసాగాయి. కొన్నవాళ్ళు తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసి, "ఏంటండీ ఏమీ అనట్లేదు, రంగు మంచిదేనా?" అని అడిగేవాళ్ళు. నాలుగో నెల బిల్లు వచ్చిన రోజు అక్క ఒక కాగితం మీద రాసి తమ్ముడి ముందు పెట్టింది. వేరే ఊళ్ళో ఒక ముసలావిడ దగ్గర తోడుండే పని దొరికింది. తిండీ, గదీ వాళ్ళే ఇస్తారు. ఆవిడకి చప్పుడు పడదు. మాట్లాడని మనిషి కావాలని అడిగారట. 'నేను సరిపోతాను. సోమవారం రమ్మన్నారు,' అని రాసి ఉంది.

పెయింటర్ ఆ కాగితం చదివి, "నీ ఇష్టం అక్కా," అన్నాడు. వచ్చే నెల బిల్లు తగ్గుతుంది కదా అనిపించింది. అలా అనిపించినందుకు తనని తనే తిట్టుకుని షెడ్డులోకి పోయాడు.

గురువారం మోటారు చెయ్యి కాలేంత వేడెక్కింది. ఇక తప్పక మెకానిక్‌ని పిలిచాడు. మెకానిక్ సన్నగా పొడుగ్గా ఉండే పెద్దమనిషి. ఎక్కడికెళ్ళినా ఒక ప్లాస్టిక్ డబ్బాలో సబ్బునీళ్ళు, ఒక బ్రష్షు పట్టుకెళ్ళేవాడు. ఆ సమయానికి ఆడవాళ్ళిద్దరూ బజారుకి వెళ్ళారు. మెకానిక్ మోటారు ముట్టుకోలేదు. బ్రష్షు సబ్బునీళ్ళలో ముంచి, కొత్త పైపు ట్యాంకుని కలిసే చోట పూశాడు. బుడబుడమని బుడగలు వచ్చాయి. చిన్నవి, పెద్దవి, ఒకదాని మీద ఒకటి. ఇద్దరూ వాటినే చూస్తూ నించున్నారు.

"ఎవరు బిగించారండీ ఈ పైపు?"

పెయింటర్ వేలితో ఒక బుడగ పగలగొట్టాడు.

"పైపు మరలకి టేపు చుట్టలేదు," అన్నాడు మెకానిక్. "రోజంతా ఇక్కణ్ణుంచి గాలి పోతోంది. పోయినప్పుడల్లా మోటారు లేచి నింపుతోంది. పైగా మీరు స్విచ్చు ఆపరాయె. పడుకున్నప్పుడు కూడా అది ఊరికే గాలి నింపుతూ, పారబోస్తూ కూర్చుంది. ఎన్నాళ్ళ నుంచి?"

"అయిదు నెలలవుతుంది. నేనే బిగించాను."

"మరి బిల్లు చూసుకోలేదా?"

"మా అక్క ఎక్కువ మాట్లాడుతుంది కదా, మాటల బరువు వల్ల అనుకున్నాను."

మెకానిక్ బ్రష్షు డబ్బాలో పెట్టి అతని మొహంలోకి చూశాడు. "మాట గాలితో వస్తుంది, గాలితో పోతుంది. నలభై ఏళ్ళయింది నేను ఈ పనిలోకి వచ్చి. మాట వల్ల ఒక్క యూనిట్టు కాలిన కంప్రెసర్ని ఇంతవరకూ చూళ్ళేదు."

పెయింటర్‌కి తల కొట్టేసినట్టయింది. మెకానిక్ పైపు విప్పి, తెల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి, మళ్ళీ బిగించాడు. అంతే, అయిదు నిమిషాల పని. ట్యాంకు నిండుతుందో లేదో చూడాలని స్విచ్చు వేశాడు. మోటారు లేచింది. ఆ చప్పుడులో పెయింటర్ అతనికి దగ్గరగా వచ్చాడు.

"మేస్త్రీ, ఈ సంగతి మా ఇంట్లో చెప్పకు. తప్పు మా అక్క మీదికి నెట్టేశాను. ఇప్పుడు నాదంటే మొహం ఎక్కడ పెట్టుకోను? అలాగే ఉండనీ. ఎలాగూ సోమవారం వెళ్ళిపోతోంది."

మెకానిక్ ట్యాంకు మీద చెవి పెట్టి విన్నాడు. ట్యాంకు నిండింది, మోటారు ఆగింది. పావుగంటయింది, అరగంటయింది, మళ్ళీ లేవలేదు. అతను డబ్బా తీసుకుని, చెప్పులేసుకుని, "డబ్బులు తర్వాత తీసుకుంటాలెండి," అని పెయింటర్ వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఆ రెండు రోజులూ ఇంట్లో చప్పుడు లేదు. పెయింటర్ పనిలోకి దిగలేదు, పొద్దున్నే ట్యాంకు కుళాయి కూడా తిప్పలేదు. భోజనం దగ్గర అక్క వైపు చూడలేకపోయాడు. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. చెప్పేద్దామని రెండుసార్లు వెనక గది గుమ్మం దాకా వెళ్ళాడు. ఒకసారి అక్క తల దువ్వుకుంటోంది. ఒకసారి చీరలు మడత పెడుతోంది. రెండుసార్లూ "కత్తెర ఎక్కడుంది?" అని అడిగి వెనక్కి వచ్చేశాడు. ఇంట్లో రెండు కత్తెరలు అతని బల్లమీదే ఉన్నాయి.

మోటారు ఆగిపోయిన సంగతి అక్క కనిపెట్టింది. మరదలికి సైగ చేసింది: చూశావా, నేను నోరు మూసుకున్నాక చివరికి తగ్గింది. ఆ సైగలో కాస్త తృప్తి కూడా ఉంది. అది చూసి పెయింటర్ పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

శనివారం భార్య ఒక పాత ట్రంకు పెట్టె షెడ్డులోకి తెచ్చి పెట్టింది. "వదిన బట్టలు పెట్టుకోవడానికి. తుప్పు పట్టింది. రంగన్నా వేసి పంపండి," అంది. ఆ మాటలో కొంచెం కోపం ఉంది.

ఇదైనా చెయ్యొచ్చు కదా అని అతనికి ప్రాణం లేచొచ్చింది. తుప్పంతా గీకాడు, పుట్టీ పెట్టాడు, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. ఖరీదైన బీరువాలకి దాచుకున్న నీలం రంగు డబ్బా మూత తీశాడు. ట్యాంకు గురువారం నుంచి నిండుగానే ఉంది. ఒక్క బుడగ కూడా బయటికి పోలేదు. గన్ను పట్టుకుని పెట్టె చుట్టూ నింపాదిగా తిరుగుతూ, లోపలా బయటా ఎక్కడా కారకుండా కొట్టాడు. ఇంత బాగా ఏ పెట్టెకీ కొట్టలేదు అనుకుంటూ, మూత అంచు సరిగా పడిందో లేదో చూద్దామని రెండు వేళ్ళతో మూత ఎత్తాడు.

"మేస్త్రీ, ఈ సంగతి మా ఇంట్లో చెప్పకు," అంది పెట్టె, అతని గొంతుతో. "తప్పు మా అక్క మీదికి నెట్టేశాను. ఇప్పుడు నాదంటే మొహం ఎక్కడ పెట్టుకోను? అలాగే ఉండనీ. ఎలాగూ సోమవారం వెళ్ళిపోతోంది."

మూత చేతిలోంచి జారి పడింది.

లీకు ఉన్నన్నాళ్ళూ ట్యాంకులోకి వెళ్ళిన మాటల్లో సగం పైపు దగ్గరే కారిపోయేవి. ఇప్పుడు జాయింటు గట్టిది. పెట్టిన మాట పెట్టినట్టే ఉంది. పెయింటర్ గుడ్డ తీసుకుని థిన్నర్‌లో ముంచాడు. పచ్చిగా ఉండగా తుడిస్తే రంగూ పోతుంది, మాటా పోతుంది. మళ్ళీ కొట్టుకోవచ్చు. ఎవరికీ తెలియదు. గుడ్డలోంచి థిన్నర్ చుక్కలు చుక్కలుగా కాళ్ళమీద పడుతోంది. చెయ్యి పెట్టె మీదికి పోవడం లేదు. తన గొంతు అంత చవగ్గా ఉంటుందని ఆ రోజు వరకూ అతనికి తెలియదు. చాటుగా బతిమాలే మనిషి గొంతు అది. మైకు ముందు కూర్చుని కష్టపడిన డబ్బు తెచ్చి చేతిలో పెట్టిన అక్క గురించి అలా అన్నది తనేనా అనుకుంటే సిగ్గుతో చచ్చిపోయాడు.

అడుగుల చప్పుడైంది. అక్క టీ గ్లాసుతో గుమ్మంలో నించుంది. పెట్టె వైపు చూసింది, నీలం రంగు చూసి కళ్ళు పెద్దవి చేసింది, బాగుందని తలూపింది. అతని చేతిలో గుడ్డ చూసి, ఏమైందని సైగ చేసింది.

ఏమీ లేదక్కా అనడానికి నోరు తెరిచాడు. గుడ్డని బల్ల కింద పడేశాడు.

"మూత తెరువక్కా," అన్నాడు.

అక్క గ్లాసు కింద పెట్టి, రంగు అంటకుండా అంచు కింద గోరు పెట్టి మూత ఎత్తింది. పెట్టె చెప్పింది. మూత వేసింది. మళ్ళీ ఎత్తింది. పెట్టె మళ్ళీ చెప్పింది. మూడోసారికి వంటింట్లోంచి భార్య కూడా వచ్చి నించుంది. పెయింటర్ ఇద్దరి వైపూ చూడకుండా సబ్బునీళ్ళ సంగతి, టేపు సంగతి, స్విచ్చు సంగతి నేలతో చెబుతున్నట్టు చెప్పాడు. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అక్క స్టూలు మీద కూర్చుంది. చాలాసేపు గొంతు సవరించుకుంది. అన్నాళ్ళు వాడని గొంతు తుప్పు పట్టి ఉంది.

"నిద్రలో మాట్లాడతానేమోనని," అంది, "మూతికి గుడ్డ కట్టుకుని పడుకున్నానురా. రోజూ."

పెయింటర్ అక్కడే కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. తిట్టవే అక్కా, కొట్టవే అక్కా అన్నాడు. ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. మరదల్ని ఫోను అడిగి తీసుకుని, ముసలావిడ కొడుక్కి చేసింది.

"నమస్కారమండీ. సోమవారం రమ్మన్నారు కదా, నేను రావడం లేదు. లేదండీ, ఒంట్లో బాగానే ఉంది. మీకు మాట్లాడని మనిషి కావాలన్నారు. నేను మాట్లాడే మనిషిని. బాగా మాట్లాడతాను. ఇంకెవరినైనా చూసుకోండి."

ఫోను మరదలి చేతికిచ్చేసింది. అక్క పెట్టెని ఆ వైపు నుంచీ ఈ వైపు నుంచీ చూసింది.

"దీని మీద వార్నిష్ కొట్టు," అంది.

పెయింటర్ తలెత్తాడు. రంగు పచ్చిగా ఉండగానే వార్నిష్ కొడితే మాట వారంలో పోదు. రంగు ఉన్నంత కాలం ఉంటుంది. ప్రాణంగా చూసుకునే మనిషి మాట దాచుకోవాలని ఎప్పుడో ఏడాదికొకరు అలా కొట్టించుకునేవాళ్ళు.

"అక్కా, వార్నిష్ కొడితే ఇది ఇక చెరగదు."

"తెలుసు. కొట్టు."

"అందరూ వింటారక్కా. నేను తుడిచేసి, మంచి మాట పట్టి మళ్ళీ కొడతాను. నువ్వే ఏదన్నా చెప్పు, అదే పడుతుంది. నీ గొంతే పడుతుంది."

"నా మాటలు నేను చెప్పుకుంటాను, పెట్టె చెప్పక్కర్లేదు. ఇంకోసారి నాకే అనిపిస్తుందిరా, నేనే ఈ ఇంటికి బరువేమోనని. అప్పుడు తెరుచుకు వింటాను."

అతను లేచి, గన్ను కడిగి, వార్నిష్ పోసుకున్నాడు. ఒక్క చోట కూడా వదలకుండా కొట్టాడు. చివరి అంచు పూర్తయ్యేసరికి ఒత్తిడి తగ్గి మోటారు లేచింది. అలవాటు కొద్దీ భార్య నోరు మూసుకుంది, అతనూ మూసుకున్నాడు. అక్క స్టూలు మీద నిటారుగా కూర్చుని మొదలుపెట్టింది. తను నోరు మూసుకున్న రోజుల్లో కూరలో ఉప్పు ఎన్నిసార్లు ఎక్కువైందో, పొరుగింటావిడ ఏ చీర కట్టుకుంటే బాగుండలేదో, వీధి చివర ఎవరెవరు తను దగ్గుతుంటే ఏమనుకుని ఉంటారో అన్నీ చెప్పుకుంటూ పోయింది. టీ చల్లారిపోయింది. ట్యాంకు నిండి మోటారు ఆగింది, అక్క ఆగలేదు.

అదంతా జరిగి చాలా కాలమైంది. పని లేనప్పుడు స్విచ్చు ఆపేస్తున్నాడు కనక బిల్లు మునుపటికంటే తక్కువే వస్తోంది. నీలం పెట్టె వెనక గదిలో అక్క మంచం కింద ఉంది. ఆవిడ రోజూ పొద్దున పదింటికి చీర కోసం దాన్ని తెరుస్తుంది. షెడ్డు గోడ పలచన, అవతలి మాట ఇవతలికి బాగా వినిపిస్తుంది. బీరువా చూసుకోవడానికి వచ్చినవాళ్ళు చెవి రిక్కించి, "ఎవరండీ ఆ మాట్లాడుతోంది? పాపం, ఆ అక్కెవరో!" అంటారు.

పెయింటర్ చేతిలో గన్ను కిందికి దిగుతుంది. మొదట్లో రేడియో అని ఒకరికి, పక్కింటివాళ్ళని ఒకరికి చెప్పి చూశాడు. చెప్పిన రోజు అన్నం సహించేది కాదు.

"నేనేనండి," అంటాడు ఇప్పుడు. "ఆ అక్క మా అక్కే."